జ్ఞానమ్మగారు చదవగలిగిన దస్తూరీ

మెట్ల మీద జారిపడ్డానని ఆ అమ్మాయి డాక్టరుగారితో చెప్పింది. డాక్టరుగారు నమ్మారు. ఎక్స్‌రే చూసి, కాగితం మీద నాలుగు ముక్కలు గిలికి, కట్ల గదికి పంపించారు. కట్ల గదిలో ఉన్న సూర్యప్రకాష్ మాత్రం నమ్మలేదు.

నమ్మకపోవడం అతనికి వృత్తివల్ల అబ్బిన గుణం. అమలాపురంలోని ఆ ఎముకల ఆసుపత్రిలో అయిదేళ్లుగా కట్లు కడుతున్నాడు. ఎముక విరిగిన తీరును బట్టి మనిషి ఎలా పడ్డాడో ఊహించడం, ఆ ఊహ సరైనదో కాదో అడిగి తేల్చుకోవడం అతనికి రోజూ దొరికే వినోదం. పదింట ఎనిమిదిసార్లు సరిపోయేది. మిగిలిన రెండూ ఎందుకు తప్పాయా అని ఇల్లు చేరేదాకా ఆలోచించేవాడు.

"మెట్లు ఎక్కుతుండగానా అండి, దిగుతుండగానా?"

"దిగుతుండగా."

"ఎన్ని మెట్లండి?"

"లెక్కపెట్టుకుంటూ పడలేదండి."

"చున్నీకి కొబ్బరి పీచు అంటుకుందండి. మోచేతికి బురద. మెట్ల మీద ఈ రెండూ ఉండవు గదండీ. కాలవగట్టు మీద స్కూటీ జారిందని నా అనుమానం."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. నొప్పితో కళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. వాటి వెనక నుంచే కోపం స్పష్టంగా కనిపించింది.

"మీరు కట్టు కడతారా, కేసు కడతారా?"

"కట్టేనండి. కేసు కట్టాలంటే మీరు ఒప్పుకోవాలి గదా."

కాగితం మీద పేరు శారోన్ అని ఉంది. వయసు ఇరవై ఏడు. ఊళ్లోని ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరు. బయట శ్రావణం వాన రేకుల మీద పడి మోగుతోంది. అతను తడిపిన కట్టుగుడ్డను మణికట్టు చుట్టూ తిప్పి, బొటనవేలి మీదికి తెచ్చేసరికి ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"బొటనవేలెందుకండీ? విరిగింది అక్కడ కాదుగా?"

"బొటనవేలి మొదట్లో జీడిపప్పంత ఎముక ఉంటుందండి. చిట్లింది అదే. దానికి రక్తం తక్కువ, బద్ధకం ఎక్కువ. వేలు కదిల్తే అది అతకదు."

"ఎన్నాళ్లు?"

"ఎనిమిది వారాలండి."

"గురువారానికి తీసెయ్యలేరా?"

"ఏ గురువారానికండి?"

"ఈ గురువారానికే."

ఆరోజు సోమవారం. సూర్యప్రకాష్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"గురువారం ఏముందండి? పెళ్లా?"

"నా పెళ్లయితే ఎడంచేత్తోనైనా చేసుకుందును. రాయాల్సింది ఉంది."

"పేపర్లు దిద్దాలా అండి?"

"అవి ఎలా దిద్దినా అడిగేవాళ్లు లేరు. ఇది వేరు," అని ఆగిపోయింది.

ఆమె వెళ్లిపోయాక అతను ఇద్దరికి కట్లు విప్పాడు, ఒకరికి కట్టాడు. కానీ బుర్రలో ఆ గురువారం ఒక్కటే తిరుగుతూ ఉండిపోయింది.

బుధవారం ఆమె మళ్లీ వచ్చింది. బొటనవేలి దగ్గర కట్టు మెత్తబడి, పగిలి ఉంది. వెంట హాస్టల్లో ఆమెతో గది పంచుకునే పింకీ వచ్చింది.

"నీళ్లు పడ్డాయండి," అంది శారోన్.

"నీళ్లు నీలంగా ఉండవండి. ఇది పెన్ను సిరా. కట్టులో దూర్చి రాయబోయేరు."

పింకీ ఫక్కున నవ్వింది. "చెప్పెయ్యవే బాబూ. లేకపోతే ఈయన వేలిముద్రలు కూడా తీసేలా ఉన్నాడు."

కట్టు మళ్లీ కడుతున్నంతసేపూ సంగతి ముక్కముక్కలుగా బయటికొచ్చింది. శారోన్‌ను పెంచింది ఆమె మామ్మ జ్ఞానమ్మ. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి మస్కట్‌లో పనిచేస్తూ, ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు అక్కడే పోయాడు. మామ్మ సఖినేటిపల్లిలో ఉంటుంది. ఎనభై ఏళ్లు. చెవులు బొత్తిగా వినపడవు.

"మిషను పెట్టించలేదా అండి?"

"పెట్టించేం. చెవిలో కీచురాయి దూరినట్టుందని దాన్ని బియ్యం డబ్బాలో పెట్టేసింది. వీడియో కాల్ చేస్తే నా మొహం చూసి, తిన్నావా అని తనే అడిగి, తిన్నావులే అని తనే జవాబు చెప్పుకుని, ఫోను పక్కింటావిడకి ఇచ్చేస్తుంది. అందుకని కార్డు రాస్తాను. గురువారం డబ్బాలో వేస్తే శనివారానికి అందుతుంది. ఆరేళ్లుగా ఒక్క వారం తప్పలేదు."

"దానికేముందండి, మీరు చెప్తుంటే ఈవిడ రాస్తారు."

"నేను రాస్తే చెల్లదండి," అంది పింకీ. "ఆవిడకి చదవడం వచ్చు. కానీ దీని దస్తూరీ ఒక్కటే వచ్చు."

సూర్యప్రకాష్ చేతిలో గుడ్డ ఆగింది. "అది కుదరదండి. అక్షరాలొస్తే ఎవరి అక్షరాలైనా వస్తాయి."

"రావండి," అంది శారోన్. "మామ్మ అరవై మూడో ఏట అక్షరాలు నేర్చుకుంది. నేర్పింది నేను. అప్పటికి నాకు పదేళ్లు. పుస్తకం లేదు, వాచకం లేదు. పలక మీద నేను ఏ అక్షరం ఎలా రాస్తే అదే అక్షరమనుకుంది. పేపరు చూపిస్తే చీమలంటుంది. కిందటేడు నాకు టైఫాయిడ్ వస్తే పింకీ చేత రాయించేను. ఆ కార్డు వెనక్కి పంపించేసింది."

"ఏమని?"

"ఎవరిదో వేరే దేశం భాషలో ఉంది, పోస్టులో మారిపోయినట్టుంది, పాపం వాళ్లకి అందజెయ్యమని."

అతనికి నమ్మాలనిపించింది. కానీ నమ్మాలనిపించడం వేరు, నమ్మడం వేరు. సాక్ష్యం అడిగాడు. శారోన్ సంచిలోంచి మామ్మ రాసిన కార్డు ఒకటీ, తన క్లాసు నోట్సు ఒకటీ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

అతను వంగి చూశాడు. రెండింటిలోనూ తలకట్టు అక్షరాన్ని తాకదు. వాలబోయి ఆగిన పిట్టలా పైన నిలిచి ఉంటుంది. సున్నా పూర్తిగా మూసుకోదు. 'మ' తోక పైకి సాగి పక్క అక్షరం భుజం మీద చెయ్యి వేస్తుంది. ఒకరిది వణికే చెయ్యి, మరొకరిది నిలకడైన చెయ్యి. దస్తూరీ మాత్రం ఒకటే. ఇద్దరు మనుషులకు ఒకే దస్తూరీ ఉండటం అతను ఎక్కడా చూడలేదు.

"మీరే వెళ్లి చెయ్యి చూపించి చెప్పెయ్యొచ్చు గదండీ? నలభై కిలోమీటర్లేగా?"

శారోన్ కిటికీవైపు చూసింది. "నాన్న పోయింది రోడ్డు మీదే. స్కూటీ ముట్టనని మామ్మకి మాటిచ్చేను. ఎనభయ్యేళ్ల మనిషండి. ఈ కట్టు చూస్తే ఏమైపోతుందో. ఎనిమిది వారాలు పరీక్షల డ్యూటీలని చెప్పి గడిపేస్తాను. కార్డు ఒక్కటీ అందితే చాలు."

"నేను రాస్తానండి," అన్నాడతను.

ఆడవాళ్లిద్దరూ ఒకేసారి తిరిగి చూశారు.

"మా నాన్నగారు మాణిక్యాలరావు గారని, బోర్డులు రాసేవారండి. ఫ్లెక్సీలు వచ్చేదాకా ఈ ఊళ్లో సగం కొట్ల పేర్లు ఆయన చేతివే. పక్కన కూర్చుని రంగు నింపేవాణ్ణి. అక్షరాన్ని కాపీ కొట్టాలంటే అక్షరాన్ని చూడకూడదు, చెయ్యి ఎక్కడ లేచిందో చూడాలనేవారు. ఒకసారి ప్రయత్నించనివ్వండి."

"మీకెందుకండీ ఈ శ్రమ?"

ఈ ప్రశ్నకు అతని దగ్గర ఒకే ఒక్క నిజమైన జవాబు ఉంది. "తెలుసుకోవాలని ఉందండి," అన్నాడు.

సాయంత్రం రోగులు పలచబడ్డాక ఆసుపత్రి వరండాలో బల్ల మీద చిత్తు కాగితాలతో సాధన మొదలైంది. శారోన్ ఎదురుగా కూర్చుని తప్పులు పట్టింది. లెక్చరరు కాబట్టి ఆ పని ఆమెకు బాగా వచ్చు.

"మీ సున్నా గుమ్మం మూసేసింది. కొంచెం తెరవండి."

"ఆయ్."

"మీ 'ర' పోలీసులా నిలబడింది. నాది కొంచెం సిగ్గుపడుతుంది."

"మీ అక్షరాలకి సిగ్గు ఉంటుందని కేసుషీటులో రాయలేదండి."

"నాక్కూడా ఉంటుందండి. అక్కర ఉన్నప్పుడు."

మర్నాడు మూడు గంటల తపాలాకు మొదటి కార్డు వెళ్లింది. కాలేజీ కబుర్లు, పింకీ మాడ్చిన ఉప్మా, మామ్మ మోకాలి నొప్పి గురించి రెండు ప్రశ్నలు. అంతా శారోన్ మాటే, చెయ్యి సూర్యప్రకాష్‌ది.

తరువాతి బుధవారం శారోన్ జవాబు పట్టుకొచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"అమ్మడూ, కార్డు చదివేను," అని రాసింది జ్ఞానమ్మ. "అక్షరాలు నీవేగానీ, ఇనస్పెక్టరు వచ్చిన బళ్లో పిల్లల్లాగ అన్నీ నిటారుగా నిలబడ్డాయి. నీకు జ్వరమా?"

సూర్యప్రకాష్ కాసేపు చిన్నబుచ్చుకున్నాడు. ఆ తరువాత ఉత్సాహం వచ్చింది. పదింట తప్పే ఆ రెండిటిలో ఇదొకటి. శారోన్ పాత నోట్సులన్నీ తెప్పించి చూశాడు. నిజమే, ఆమె అక్షరాలు కుడివైపుకి కాస్త ఒరిగి ఉంటాయి. అది అతని కంటికి ఆనలేదు. ఎనభై ఏళ్ల కంటికి ఆనింది.

"క్లాసులో బోర్డు మీద కూడా ఇలాగే రాస్తారా అండి?"

"లేదండి. బోర్డు మీద నిటారుగానే వస్తాయి."

"అంటే కూర్చుని రాసినప్పుడే ఒరుగుతున్నాయి. కాగితం ఎక్కడ పెట్టుకుంటారు?"

శారోన్ ఎడమచేత్తో కాగితం తీసి బల్ల మీద పెట్టింది. తన ఎదుట కాదు. కుడిపక్కకి, బాగా దూరంగా, కాస్త అడ్డంగా తిప్పి. పెట్టాక తనే ఆశ్చర్యంగా చూసుకుంది.

"అక్కడెందుకండి?"

"నాకు... తెలీదు. ఎప్పుడూ అక్కడే పెట్టుకుంటాను." కాగితం అంచు సవరిస్తూ నెమ్మదిగా అంది. "పలక నా ఒళ్లో ఉండేది కాదండి. మామ్మ నా కుడిపక్కన కూర్చునేది, పలక ఆవిడ ఒళ్లో ఉండేది. నేను పక్కనుంచి వంగి రాసేదాన్ని."

పదిహేడేళ్లుగా ఆమె ప్రతి కాగితాన్నీ పక్కన ఎవరో కూర్చున్నట్టుగానే రాస్తోంది. ఆ సంగతి ఆమెకే తెలియదు. సూర్యప్రకాష్ ఆమెవైపు కొత్తగా చూశాడు.

"అయితే ప్రయోగం చెయ్యాలండి," అన్నాడు గంభీరంగా. "నా కుడిపక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి."

"పింకీని రమ్మంటాను."

"పింకీ గారు నాకు అక్షరాలు చెప్పలేదు గదండీ."

శారోన్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. అతని కుడిపక్కన, మధ్యలో జానెడు చోటు వదిలి కూర్చుంది. అట్ట ఒళ్లో పెట్టుకుంది. అతను పక్కనుంచి వంగి 'మామ్మా' అని రాశాడు. అక్షరాలు వాటంతటవే ఒరిగాయి.

ప్రయోగం ఫలించింది. ప్రయోగం చేసినవాడి నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టే తీరిక మాత్రం అక్కడ ఎవరికీ లేదు.

"ఊపిరి పీలుస్తూ రాయండి," అంది శారోన్ కాగితంవైపే చూస్తూ. "మామ్మ కనిపెట్టేస్తుంది."

రెండో కార్డుకు జవాబు ఆ వచ్చే బుధవారం వచ్చింది. "ఈసారి అక్షరాలు కుదిరేయి. జ్వరం తగ్గినట్టుంది. కషాయం మానకు."

శారోన్ పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ రెండు వారాల్లో అతనికి చాలా సంగతులు తెలిశాయి. ఆమె పనసతొనలు చూస్తే ఆగలేదు, వరికంకికి పూలుంటాయని పిల్లలు నమ్మకపోతే పొలానికి తీసుకుపోయి చూపిస్తుంది, కోపం వస్తే మరీ మర్యాదగా మాట్లాడుతుంది. తెలియనిది ఒక్కటే మిగిలింది. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ ఆమె మాట తప్పించింది. ఇప్పుడు మూడోసారి అడిగాడు.

"అరవై మూడేళ్లకి చదువెందుకు మొదలెట్టేరండి ఆవిడ?"

వాన జోరందుకుంది. వరండా అంచునుంచి నీళ్లు దారాలుగా కారుతున్నాయి. శారోన్ ఒళ్లోని అట్టమీద గోటితో గీతలు గీసింది.

"నాన్న మస్కట్ నుంచి ఉత్తరాలు రాసేవారు. మామ్మకి ఫోను వినపడదు గదా. వచ్చిన ఉత్తరం మా చిన్నతాత చదివి, చెవికి దగ్గరగా నోరు పెట్టి గట్టిగా అరిచి చెప్పేవాడు. చెయ్యి తిప్పి సైగలు చేసేవాడు. నాన్న పోయేక..." ఆగింది. "అక్కణ్ణుంచి పెట్టె రావడానికి ముప్ఫై మూడు రోజులు పట్టింది. మామ్మ గుండె ఆగిపోతుందని ఎవరూ చెప్పలేదు. చిన్నతాత పాత ఉత్తరాలే పట్టుకొచ్చి, కొత్తవని చదివేవాడు. డ్యూటీ ఎక్కువగా ఉందమ్మా, పండక్కి వస్తానమ్మా అని. మామ్మ అడిగితే ఊరంతా తలలూపేరు. ఆ నెల్లాళ్లూ కొడుకు కోసం మాగాయ ఎండబెట్టింది. ముప్ఫై నాలుగో రోజు పెట్టె వచ్చింది."

శారోన్ అట్టను ఒళ్లో సర్దుకుంది.

"మర్నెలలో పలక కొనుక్కొచ్చింది. ఇక ఒకళ్ల నోటిమీద ఆధారపడను, నా కంటితో నేనే చదువుకుంటాను అంది."

అతను పెన్ను మూతపెట్టి బల్ల మీద ఉంచాడు.

"ఏమైందండి?"

"ఇన్నాళ్లూ మనం చేస్తున్నదేమిటండి మరి?"

ఆమె మొహంలో రంగు మారింది. ఆ ప్రశ్న ఆమెకు కొత్తది కాదని అతనికి వెంటనే అర్థమైంది. రెండు వారాలుగా ఆమె దాన్ని గుమ్మం బయటే నిలబెట్టి ఉంచింది.

"అదీ ఇదీ ఒకటేనా? నేను బతికే ఉన్నాను. చెయ్యే గదా విరిగింది."

"చిన్నది కావచ్చండి. కానీ ఆవిడ కంటితో చదివితే అబద్ధం ఉండదని నమ్మి నేర్చుకున్నారు. ఆ కంటికే మనం అబద్ధం రాస్తున్నాం. అదీ ఆవిడకి నమ్మకమున్న ఒక్క దస్తూరీలోనే. నేనింక రాయలేనండి."

"ఇన్నాళ్లూ రాసేరుగా?"

"తెలీక రాసేను."

"చాలా సంతోషమండి," అంది శారోన్ అతి మర్యాదగా. "మీకు తెలుసుకోవాలని ఉంది. తెలుసుకున్నారు. మీ సరదా తీరిపోయింది. ఇక కట్లు కట్టుకోండి."

గొడుగు తెరవకుండానే వానలోకి దిగిపోయింది. ఆ రాత్రంతా అతను తన తర్కాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాడు. ఎక్కడా తప్పు కనిపించలేదు. తప్పు లేకపోయినా ఇంత బాధ ఎందుకుండాలో మాత్రం ఆ తర్కం చెప్పలేకపోయింది.

గురువారం రెండున్నర దాటింది. మూడింటికి తపాలా ఎత్తేస్తారు. తాను కార్డు రాసి వేసేయవచ్చు. అక్షరాలు చేతికి వచ్చేశాయి. కానీ అది ఆమె దస్తూరీ. ఆమె అడగకుండా వాడడం దొంగతనం. అందుకని చేతులు కట్టుకుని గడియారంవైపు చూస్తూ కూర్చున్నాడు. కట్టు విప్పించుకోవడానికి వచ్చిన ముసలాయన "బాబూ, నా కాలు ఇటుందండి," అని గుర్తుచేయాల్సి వచ్చింది.

రెండూ నలభైకి శారోన్ వచ్చింది. కట్టుకు ప్లాస్టిక్ సంచి చుట్టుకుని ఉంది. మిగతా అంతా తడిసిపోయింది. వచ్చి అతని కుడిపక్కన కూర్చుంది.

"రాయండి. నిజమే రాయండి. నా మాటగా కాదు. నావల్ల కావట్లేదు. మీ మాటగా రాయండి."

"మీరు చదివి చూస్తారా?"

"చూడనండి. మామ్మ చూస్తుంది."

అతను రాశాడు. పెద్ద అక్షరాలు కావడంతో రెండు కార్డులు పట్టాయి.

"జ్ఞానమ్మగారికి నమస్కారం. ఈ అక్షరాలు శారోన్ గారివి, చెయ్యి నాది. నా పేరు సూర్యప్రకాష్. ఆసుపత్రిలో కట్లు కడతాను. శారోన్ గారు స్కూటీ మీంచి పడ్డారు. కుడిచేతి బొటనవేలి దగ్గర చిన్న ఎముక చిట్లింది. ఇంకే దెబ్బా లేదు. శారోన్ గారు అన్నం తింటున్నారు, కాలేజీకి వెళ్తున్నారు. కిందటి రెండు కార్డులూ నేను రాసినవే. అందులో తప్పు నాది కూడా. శారోన్ గారు ఇప్పుడు నా పక్కనే కూర్చున్నారు. వానలో తడిసి వచ్చారు. శారోన్ గారికి మీరు తిడతారని భయం లేదు, మీరేమైపోతారోనని భయం."

రెండూ యాభై ఆరుకు అవి డబ్బాలో పడ్డాయి.

శనివారం గడిచింది. ఆదివారం గడిచింది. శారోన్ ఫోను చేసి ఏమైనా తెలిసిందా అని అతన్ని అడిగింది. తెలియాల్సింది తనకే కదా అని అతను అనలేదు. "ఇంకా లేదండి," అన్నాడు. అలా ఆరుసార్లు చేసింది.

సోమవారం పదకొండింటికి, బయటి రోగుల బల్లలన్నీ నిండి ఉండగా, గుమ్మంలో ఒక కంఠం గట్టిగా మోగింది. చెవులు వినపడనివాళ్లకు తమ గొంతెంత పెద్దదో తెలియదు.

"ఇక్కడ నా మనవరాలి దస్తూరీ ఎత్తుకుపోయినోడెవరు?"

తెల్ల చీర, చేతిలో గొడుగు, ఆ గొడుగుచేతిలోనే రెండు పోస్టు కార్డులు. సఖినేటిపల్లి నుంచి రాజోలు మీదుగా రెండు బస్సులు మారి, ఎనభై ఏళ్ల జ్ఞానమ్మ ఒంటరిగా వచ్చింది. గుండె ఆగిన లక్షణాలేవీ ఆమెలో కనిపించలేదు.

సూర్యప్రకాష్ లేచి నిలబడి చెయ్యెత్తాడు. రెండో చేత్తో శారోన్‌కు ఫోను చేశాడు. కాలేజీ పక్క వీధిలోనే. పది నిమిషాల్లో ఆమె పరుగెత్తుకొచ్చింది. జ్ఞానమ్మ మనవరాలిని పట్టుకుని కట్టులోంచి కనిపిస్తున్న వేళ్లను ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది. నుదురు చూసింది, మోచేయి చూసింది. అన్నీ ఉన్నాయని తేల్చుకున్నాక వీపుమీద ఒకటి వేసింది.

"స్కూటీ ముట్టనని మాటిచ్చి?"

శారోన్ ఏడుస్తూ తలూపింది.

"ఏడిస్తే చాలదు. నువ్వు కూచో. అబ్బాయ్, నువ్విలా రా. కాగితం ఉందా?"

అతను బల్ల మీద కూర్చున్నాడు. చెప్పకుండానే ఆవిడ అతని కుడిపక్కన కూర్చుని కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"దీని చెయ్యి మునపట్లాగ అవుద్దా?"

అవుతుంది, ఇంకా అయిదు వారాలు ఆగాలి అని రాశాడు. ఆవిడ వేలు పెట్టి ప్రతి అక్షరమూ పైకి చదివింది. ఆసుపత్రి అంతా వింది.

"రెండుసార్లు అబద్ధం రాసేవు. మూడోసారి నిజం రాసేవు. మధ్యలో ఏమైంది?"

ముప్ఫై మూడు రోజుల సంగతి తెలిసింది అని రాశాడు.

అది చదివి ఆవిడ కాగితాన్ని మోకాలి మీద చదును చేసింది. "మా మరిది మంచోడే," అంది. "ధైర్యం చాలలేదు, అంతే. నేను చచ్చిపోతానని అనుకున్నారు. కొడుకుపోతే ఏడ్చే హక్కు నెల్లాళ్లు దాచేసేరు. నువ్వు దాచలేదు." మళ్లీ కార్డులు పైకెత్తింది. "సరే, ఇంకోటి చెప్పు. ఈ రెండు కార్డుల్లో శారోన్ గారు, శారోన్ గారు అని అయిదుసార్లు రాసేవు. ఒకసారి రాస్తే సరిపోయేది గదా. వానలో తడిసి వచ్చిందని కూడా రాసేవు. విరిగిన ఎముక్కీ దానికీ సంబంధమేంటి?"

సూర్యప్రకాష్ తెల్లబోయాడు. ఎదుటివాళ్ల చున్నీమీద పీచు చూసినవాడు, తన కార్డుమీద తానేం వదిలాడో చూసుకోలేదు.

"నీకు నా పిల్లంటే ఇష్టమా?"

బల్లలమీది రోగులు దగ్గు ఆపుకున్నారు. అతను తలూపబోయాడు.

"తలూపకు. ఊరంతా తలూపితేనే నేను మోసపోయేను. రాయి."

అతను రాశాడు. ఇష్టమేనండి. శారోన్ అతని భుజంమీదుగా చూస్తోంది. ఆ మాట తన దస్తూరీలో, తన తలకట్టుతో, తన వాలుతో కాగితంమీద దిగడం ఆమె చూసింది.

జ్ఞానమ్మ చదివింది. "ఇ... ష్ట... మే... నం... డి." చివరి బల్లమీద కాలు కట్టుతో ఉన్న ఆయన "ఆయ్" అన్నాడు.

"చర్చికెళ్తావా?"

లేదండి, గుడికి కూడా పెద్దగా వెళ్లను అని రాశాడు.

"మరెక్కడికెళ్తావు?"

రోజూ ఇక్కడికే అని రాశాడు.

ఆవిడ నవ్వింది. "వస్తానని రాసుంటే నమ్మేదాన్ని కాదు. నా ప్రార్థన నేను చేసుకుంటాను, నీ వాటా కూడా కలిపి." తరువాత శారోన్‌వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు చెప్పు."

శారోన్ చటుక్కున తలూపింది.

"నీకు మాత్రం వేరే చెప్పాలా? రాసియ్యి."

శారోన్ కట్టు ఎత్తి చూపించింది.

"తెలుసు. అతనున్నాడుగా. నువ్వు చెప్పు, అతను రాస్తాడు."

సూర్యప్రకాష్ కొత్త కార్డు తీసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా వృత్తి మర్యాద తప్పకుండా అడిగాడు. "ఏమని రాయమంటారండి?"

"మామ్మా, ఈయన రాసింది చదివేను, నాకూ అదే మాట అని రాయండి."

"అదే మాట అంటే సరిపోదండి. ఏ మాటో చెప్పాలి."

"మామ్మకి సరిపోదా, మీకా?"

"ఇద్దరికీనండి."

శారోన్ ఆ బల్లలవైపు చూసింది. అందరూ ఒక్కసారిగా గోడలమీది వ్యాయామాల బొమ్మలు శ్రద్ధగా చూడసాగారు. ఆమె వంగి, అతనికి మాత్రమే వినపడేలా రెండు మాటలు చెప్పింది. అతను వాటిని ఒక్క అక్షరం మార్చకుండా రాశాడు. చెయ్యి కాస్త వణికింది. ఈ వణుకువల్ల ఆవిడ చదవలేకపోతే తాను మళ్లీ రాయాల్సి వస్తుంది, శారోన్ మళ్లీ చెప్పాల్సి వస్తుంది. అలా జరిగినా బాగుండునని అతనికి అనిపించింది.

జ్ఞానమ్మ కార్డును వెలుతురుకు పట్టుకుని చదివింది. ఈసారి పైకి చదవలేదు. మనసులోనే చదువుకుంది, రెండుసార్లు. అతను చిరునామా రాయడానికి చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"దీనికి అడ్రసు రాయకు. పోస్టులో వేస్తే శనివారం దాకా ఆగాలి. నేనే చేత్తో పట్టుకుపోతాను."